దారం కొలత

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. ముందుగదిలో చాప మీద, చేతిమిషను ముందు మఠం వేసుకుని కూర్చున్న ఇలియాస్ మాస్టరు. ఆయనకెదురుగా పీట మీద లుంగీలో జయరాజు. కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, దుర్గాపూజ సెలవులు కాబట్టి ఇంటిపట్టున ఉన్నాడు. వంటింటి గడప మీద చాటలో బియ్యం ఏరుతూ అతని భార్య విజయ కుమారి. మంచం మీద కాళ్లు చాపుకుని, వెనక వరస క్వార్టర్ల నుంచి పొద్దున్నే వచ్చి కూర్చున్న దాలమ్మ, జయరాజుకి అక్క. గుడ్డ తాను చుట్టూ పిల్లిలా తిరుగుతున్న చిన్నకూతురు యూనీకే. దాని వెనకాల తోకలా తమ్ముడు తిమోతి. ఇక గోడవార, ట్రంకుపెట్టె పక్కన, కూర్చోవాలో నిలబడాలో తేలక నిలబడిపోయిన లోయిస్.

లోయిస్ ఆ ఇంటికి పెద్దకూతురు. అయినా ఆ ఇంటికి కొత్త. యూనీకే పుట్టినప్పుడు తల్లికి ఛాతీ జబ్బు చేసి, నెలల తరబడి రైల్వే ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. అప్పటికి ఇంకా బడికి కూడా వెళ్లని లోయిస్‌ని అమ్మమ్మ వచ్చి టెక్కలి దగ్గర తన ఊరికి ఎత్తుకుపోయింది. తల్లికి నయమయ్యాక తెచ్చుకుందాం అనుకున్నారు. ఈలోపు అమ్మమ్మకి పిల్ల అలవాటైపోయింది, పిల్లకి ఊరి బడి అలవాటైపోయింది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూండగానే పదో తరగతి అయిపోయింది. మొన్న ఎండాకాలంలో అమ్మమ్మ పోయింది. మట్టి చేసి, నాలుగు రోజులు ఉండి, జయరాజు కూతుర్ని పలాసలో రైలెక్కించి తనతో తెచ్చేసుకున్నాడు.

లిలువాలోని ఆ తెలుగు క్రైస్తవుల క్వార్టర్లలో పిల్లలకి ఏడాదికొకసారే కొత్తబట్టలు, అదీ క్రిస్మస్‌కి. కానీ వర్క్‌షాపు బోనసు వచ్చేది పూజకి. అది క్రిస్మస్ దాకా ఎవరి ఇంట్లోనూ నిలవదు. అందుకని బోనసు అందగానే జయరాజు హౌరా మంగళా హాటు సంతకి పోయి ఒకే రకం గుడ్డ తానుగా పట్టుకొచ్చేవాడు. అందరిళ్లలోనూ అంతే. ఒక ఇంటి పిల్లలందరికీ ఒకటే గుడ్డ. ఆడపిల్లలకి గౌను, మగపిల్లలకి చొక్కా. క్రిస్మస్ పొద్దున చర్చిలో ముందు వరసల్లో పిల్లలు కూర్చుంటే, గుడ్డని బట్టి వీళ్లు జయరాజు పిల్లలు, వాళ్లు సత్యరాజు పిల్లలు అని వెనకనుంచే చెప్పేయొచ్చు.

కుట్టించడం కూడా పూజ రోజుల్లోనే. పూజ ముందురోజు దాకా ఇలియాస్ మాస్టరుకి బెంగాలీల బట్టలతో ఊపిరి సలపదు. పందిళ్లలో ఢాక్ డోళ్లు మోగడం మొదలయ్యాక ఆయన చేతులు ఖాళీ అవుతాయి. అప్పుడు మిషను రిక్షాలో పెట్టించుకుని ఈ క్వార్టర్లకి వస్తాడు. బయట బెంగాలీ పిల్లలు కొత్తబట్టలు ఫెళఫెళలాడించుకుంటూ పందిళ్లు తిరుగుతూంటే, లోపల ఈ పిల్లలు వెలిసిన బట్టల్లో కూర్చుని తమవి కుట్టడం చూస్తారు. కుట్టాక లోపలిగదిలో, ఇంట్లోవాళ్ల ఎదటే ఒక్కసారి తొడుక్కుని చూసుకోవడం. ఆ తర్వాత నాఫ్తలీను ఉండల మధ్య ట్రంకులోకి. రెండు నెలల్లో పిల్లలు ఎదుగుతారు గనక కింద మడత కాస్త ఎక్కువే పెట్టించడం.

ఊళ్లో ఉన్న లోయిస్‌కి కూడా ఏటా ఆ తానులోంచే గౌను వచ్చేది. కొలవడానికి మనిషి ఎదురుగా లేదు కదా, అందుకని దారం వెళ్లేది. జయరాజుతో పాటు వర్క్‌షాపులో పనిచేసే సూరన్నది అమ్మమ్మ ఊరే. ఊడ్పులకి సెలవు పెట్టి వచ్చేవాడు. అతను తిరిగి వెళ్లే ముందురోజు అమ్మమ్మ లోయిస్‌ని వాకిట్లో నిలబెట్టి పురికొస పట్టుకొచ్చేది. భుజం మీంచి మోకాలి కింది దాకా పట్టి ఒక ముడి. ఛాతీ చుట్టూ తిప్పి ఒక ముడి. చేతికి ఇంకో ముడి.

"కదలకే గుంటా. ముడి తప్పిందంటే అక్కడ మీ యమ్మకి నువ్వు వంకరగా కనబడతావు," అనేది.

లోయిస్ ఊపిరి బిగబట్టి నిలబడేది. సూరన్న ఆ పురికొసని కాగితంలో మడిచి చొక్కా జేబులో వేసుకుని రైలెక్కేవాడు. ఆ రాత్రి లోయిస్‌కి నిద్ర పట్టేది కాదు. దారం ఇప్పుడు ఎక్కడి దాకా వెళ్లి ఉంటుందో అనుకునేది. అమ్మ దాన్ని చేత్తో చాపి, ఓలమ్మా ఇంత పొడుగైపోయిందా అంటుంది కాబోలు అనుకునేది.

క్రిస్మస్ ముందు పార్సిలు వచ్చేది. విప్పగానే గుప్పుమని నాఫ్తలీను వాసన. తోటి పిల్లలు "కలకత్తా కంపు" అని ముక్కులు మూసుకునేవారు. లోయిస్ గౌనులో మొహం దాచుకుని ఆ వాసన పీల్చేది. తమ ఇల్లంతా ఇదే వాసన వేస్తుందేమో అనుకునేది. గౌను ఒక ఏడు మోకాళ్లెక్కేది, ఒక ఏడు చీలమండలు దాటేది. ఒక్కోసారి, అందరికీ కోయగా మిగిలిన ముక్కతో తనది కుడుతున్నారేమో అని కూడా అనిపించేది. ఆ మాట అమ్మమ్మకైనా చెప్పలేదు.

పండగ వెళ్లాక ఫోటో వచ్చేది. చర్చి మెట్ల మీద యూనీకే, తిమోతి, ఇద్దరూ ఒకే గుడ్డలో. నలుపు తెలుపు ఫోటోలో రంగు తెలిసేది కాదు గానీ గుడ్డ మీది పువ్వు తెలిసేది. లోయిస్ తన గౌను మళ్లీ తొడుక్కుని, ఫోటోని గుండెకి ఆనించి పట్టుకుని అద్దంలో చూసుకునేది. అక్కడా అదే పువ్వు, ఇక్కడా అదే పువ్వు. ఫోటోలో యూనీకే పక్కన మెట్టు మీద ఎప్పుడూ కాస్త ఖాళీ ఉండేది. అది తన చోటే అని ఆమె నమ్మకం.

ఇప్పుడు తాను ఎదురుగా ఉంది. ముదురాకుపచ్చ మీద చిన్న చిన్న తెల్లపువ్వులు. ఈ క్రిస్మస్‌కి ఆ గుడ్డ వేసుకుని, తమ్ముడి, చెల్లెలి పక్కన, ఆ వరసలో కూర్చోవాలి. లోయిస్‌కి ఈ ఇంటి నుంచి కావలసింది అదొక్కటే. కానీ ఎవరినీ అడగలేదు. అడగడం ఆమెకి రాదు.

మాస్టరు తాను విప్పి చాప మీద పరిచాడు. కళ్లజోడు సవరించుకున్నాడు. కత్తెర పక్కన పెట్టుకుని, తలెత్తకుండానే చెయ్యి చాపాడు.

"జయరాజ్ భాయ్, సుత్లీ ఇలా ఇవ్వండి."

చేతిలో ఏమీ పడకపోయేసరికి మళ్లీ అడిగాడు.

"సుత్లీ. ఊరి బిటియా కొలత పురికొస. ముందు దాని గౌనే కద కోస్తాను?"

 దాలమ్మ మంచం మీద విరగబడి నవ్వింది.

"ఓలమ్మోలమ్మ! మాస్టరూ, ఆ సుత్లీకి కాళ్లొచ్చి నడిసొచ్చీసింది. అదిగో, పెట్టి కాడ నిలబడుంది సూడండి."

మాస్టరు తల తిప్పి చూశాడు. కళ్లజోడు తీసి కుర్తా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకుని చూశాడు.

"యా అల్లా! ఇదేనా నా సుత్లీ బిటియా? ఇన్నేళ్లు కుట్టాను, మొహం చూళ్లేదు. గౌన్లు సరిపోయేవా అమ్మా?"

లోయిస్ సరిపోయేవన్నట్టు తలూపింది.

"అబద్ధం," అన్నాడు మాస్టరు నవ్వుతూ. "ముడులకి నిలబడ్డం తెలీదు, కూర్చోడం తెలీదు. వాటికి కుట్టిన గౌను మనిషికెలా సరిపోతాది? రా, ఇటు రా."

ఆమె వెళ్లి ఆయన ముందు నిలబడింది. ఆయన లేచి మెడలోని టేపు తీశాడు. టేపు మెత్తగా భుజం మీద పడింది. పురికొసలా గరగరలాడలేదు. లోయిస్ అలవాటుగా ఊపిరి బిగబట్టింది. "గాలి పీల్చమ్మా, నేనేం ఫోటో తియ్యటం లేదు," అన్నాడు మాస్టరు. తిమోతి కిసుక్కుమన్నాడు. లోయిస్‌కి కూడా నవ్వొచ్చింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె పళ్లు కనబడేలా నవ్వడం అదే మొదలు.

"మాస్టరూ, దానికి కాదు," అంది విజయ కుమారి.

టేపు భుజం మీద ఆగిపోయింది.

"దానికి గౌనేటి ఇంకా? పరికిణీ ఉంది. నా పెళ్లి చీర చింపి ఓణీ కుడతాను."

"మరేటి!" అంది దాలమ్మ. "పెళ్లికెదిగిన పిల్ల పిక్కలు కనబడేలాగ గౌనేసుకుని సర్చిలోకొస్తే పాస్టరమ్మగారు ఏటంటారు? అసలే ఊర్నించొచ్చిన గుంట అని అందరి కళ్లూ దీని మీదే ఉన్నాయి."

"గుడ్డుంది కదే," అన్నాడు జయరాజు గొణుగుతున్నట్టు. "కుట్టించెద్దాం. ఇంట్లో ఏసుకుంటాది."

"ఇంట్లో ఏసుకోడానికి కిస్మిస్ గుడ్డేటిరా? నీకు మతుండే మాటాడతన్నావా?"

పెళ్లి చీర చింపడం చిన్న మాట కాదని లోయిస్‌కి తెలుసు. ట్రంకు అడుగున పాత దుప్పట్లో చుట్టి ఉంటుందది, తెల్లగా, సన్నటి జరీ అంచుతో. ఊళ్లో తన ఈడు పిల్లలెవరికైనా తల్లి ఆ మాటంటే ఎగిరి గంతేసేవారు. కానీ ఓణీ వేసుకున్న పిల్ల పిల్లల వరసలో కూర్చోదు. దాలమ్మత్త పక్కన, ఆడవాళ్లలో, వెనక కూర్చుంటుంది. ఈ వరసలోకి వచ్చిన మొదటి ఏడే తనకి ఈడు దాటిపోయింది.

నాకు గౌనే కావాలి. అలా అనుకుంటూ ఆమె బొటనవేలితో చాప అంచు గీకింది. మాస్టరు టేపు ఇంకా తియ్యలేదు. ఆమె కళ్లలోకి ఒకసారి చూసి, తల్లి వైపు తిరిగాడు.

"భాభీ, ఒక పని చేద్దాం. ఓణీ మీరు కుట్టుకోండి. జాకెట్టు ఈ గుడ్డతో నేను కుడతాను. తెల్ల ఓణీ, పచ్చ జాకెట్టు. పిల్లలందరిదీ ఒకటే తాను అయినట్టూ ఉంటుంది, పెద్దపిల్ల పెద్దపిల్లలాగా ఉంటుంది."

దాలమ్మ ఏదో ఒక తప్పు పట్టాలని చూసింది గానీ దొరకలేదు. "బాగానే ఉంటాది," అంది విజయ కుమారి. పెద్దపిల్ల అయినా తమ్ముడి పక్కనే కూర్చోనీ అని జయరాజు కూడా అన్నాడు. ఓణీ కింద జాకెట్టు ఎంత కనబడుతుంది? చేతులు కనబడతాయి. లోయిస్‌కి చేతులు చాలు.

మాస్టరు సుద్దతో గీతలు గీశాడు. తిమోతి చొక్కా, యూనీకే గౌను, జాకెట్టు. గీసిన చోట మళ్లీ గీశాడు. గుడ్డని అటు తిప్పి ఇటు తిప్పాడు. జయరాజు ఏటా తెచ్చినంతే తెచ్చాడు. పిల్లలు మాత్రం ఏటా ఉన్నంతే లేరు, ఎదిగారు.

"చిన్న బిటియా, నీ కుచ్చు ఒక్క వరసే వస్తాది. జాకెట్టుకి కోస్తే రెండో వరసకి గుడ్డ లేదు."

యూనీకే మొహం మాడిపోయింది. పక్క వీధిలో మిఠూ అనే తన బెంగాలీ స్నేహితురాలి పూజ గౌనుకి కింద రెండు వరసల కుచ్చు చూసి, తనకీ అలాగే కావాలని నెల రోజులుగా పాట పాడుతోంది.

"నేనొప్పుకోను! హర్ సాల్, ఏటేటా ఇదే! ముందు ఊరి అప్పకి, ముందు ఊరి అప్పకి! తాను ఇంటికి రాగానే మంచి ముక్క ఆమెకి కోసీడం, మిగిలిందాంట్లో నాకు, తమ్ముడికి. నా గౌనుకి ఒక ఏడు చేతులే లేవు, తెలుసా?"

"నోర్ముయ్యే," అన్నాడు జయరాజు.

"ఎందుకు ముయ్యాలి? ఆ మేకుకి ఆమె సుత్లీ వేలాడీది. ఒకసారి నేను దాంతో బొమ్మకి ఉయ్యాల కట్టానని అమ్మ నన్ను కొట్టింది. సుత్లీకోసం! మనిషిక్కూడా కాదు! ఇప్పుడు మనిషే వచ్చీసింది కదా, ఇంక ఎప్పుడూ ఆమే ముందు!"

 పందిరి వైపు నుంచి ఢాక్ మోత గట్టిగా వినిపిస్తోంది. లోయిస్ గోడకేసి చూసింది. మేకు అక్కడే ఉంది, వీధి తలుపు పక్కన, ఇంట్లోకి వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ తలకి తగిలే ఎత్తులో. ఇప్పుడు దానికి ఏమీ లేదు. ఏటా ఊడ్పుల దగ్గర్నించి పూజ దాకా తను ఈ ఇంట్లో అక్కడ ఉంది. తనకి తెలియలేదు.

ఆమె తల్లి వైపు చూసింది. చాటలో బియ్యం ఎప్పుడో బాగైపోయాయి. విజయ కుమారి ఇంకా ఏరుతూనే ఉంది.

"కొట్టాను," అంది తలెత్తకుండా. "దానిదంటూ ఈ ఇంట్లో అదొక్కటే ఉండీది మరి."

వెళ్లి ఆ గడప మీద తల్లికి ఆనుకుని కూర్చోవాలనిపించింది లోయిస్‌కి. మధ్యలో తాను పరిచి ఉంది, తొక్కకూడదు. చుట్టూ తిరిగి వెళ్లాలంటే అందరూ చూస్తారు. ఉన్నచోటే నిలబడింది. యూనీకే ముక్కు ఎగబీలుస్తోంది. ఇన్నేళ్లూ తను ఆఖరి ముక్క అనుకున్నది మొదటి ముక్క. చెల్లెలు చేతుల్లేని గౌనుతో చర్చి మెట్ల మీద నిలబడిన ఏడు ఏదో, ఆ ఫోటో ఆమెకి గుర్తొచ్చింది. అది కొత్త ఫ్యాషన్ అనుకుని తను ఊళ్లో కుళ్లుకుంది కూడా.

"మాస్టరుగారూ," అంది. ఆమె గొంతు విని తిమోతి కూడా తిరిగి చూశాడు. "జాకెట్టు వద్దండి. కుచ్చు రెండు వరసలూ పెట్టండి. నాకు అమ్మ చీర ఉంది కదా, అది చాలు."

చాలదని అంటూండగానే ఆమెకి తెలుసు. కానీ గుడ్డ లేకపోయినా, యూనీకే కాస్త జరిగి పక్కన చోటిస్తే కూర్చోవచ్చు. మెట్ల మీద నిలబడమని చెయ్యి పట్టుకుని లాగితే నిలబడొచ్చు. దాని మనసులో ఉన్న కోపం పోతే, గుడ్డదేముంది.

"సూసావేటే యూనీకే!" అంది దాలమ్మ. "ఊర్లో పెరిగినా బుద్ధెలాగుందో! నువ్వూ ఉన్నావు, కలకత్తాలో ఇంగిలీసు బడికెల్తావు, ఏటి లాభం?"

యూనీకే ఏడుపు ఠక్కున ఆగింది. లోయిస్‌ని ఒక్క చూపు చూసి మొహం తిప్పేసుకుంది. అత్త ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది లోయిస్.

మాస్టరు కత్తెర కరకరలాడింది. కాసేపటికి కరెంటు పోయింది. చేతిమిషనుకి కరెంటుతో పనిలేదు గనక ఆయన మిషనుని కిటికీ దగ్గరికి జరుపుకుని కుడుతూ పోయాడు. లోయిస్ పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. కింద మడత చేతికుట్టు తనే వేస్తానని తీసుకుంది. ఊరి బడిలో కుట్టుపని టీచరు ఆమెకి కళ్లకి కనబడనంత చిన్న కుట్టు నేర్పింది. కుచ్చు రెండు వరసల చుట్టూ, ఒక్క కుట్టు పెద్దది కాకుండా, మెడ లాగేసేదాకా కుట్టింది. తెల్లపువ్వులు వేళ్ల కింద ఒకటొకటిగా జరిగిపోయాయి. యూనీకే దూరంగా కూర్చుని అంతా చూస్తూనే ఉంది.

గౌను పూర్తయ్యేసరికి ఎండ గోడ దిగింది. మాస్టరు దారాలు తుంపి, దులిపి, ఎత్తి పట్టుకున్నాడు. యూనీకే లాక్కుని ఒంటికి ఆనించుకుని గిర్రున తిరిగింది. కుచ్చు గొడుగులా విచ్చుకుంది. దానికి నవ్వాగలేదు. ఆ నవ్వు తండ్రి మీద పడింది, మాస్టరు మీద పడింది, తిరుగుతూ తిరుగుతూ లోయిస్ మీద కూడా పడింది. లోయిస్ తిరిగి నవ్వింది.

యూనీకే గౌను గుండెకి హత్తుకుని లోపలిగదిలోకి పరుగెత్తింది.

"వీపు మీద గుండీలు దానికందవు," అంది విజయ కుమారి వంటింట్లోంచి. మాస్టరుకి టీ పెడుతోంది. "లోయిసూ, ఎల్లి పెట్టమ్మా."

లోయిస్ లేచింది. సూది పట్టి చెమట పట్టిన చేతులు పరికిణీకి తుడుచుకుంది. లోపలిగది తలుపు ఓరగా ఉంది. కాస్త తోసింది. లోపల చీకటిగా ఉంది. యూనీకే అప్పుడే గౌను తలలోంచి దించుకుంది, చేతులు దూర్చింది. వీపు మీద గుడ్డ రెండు వైపులా విడిపోయి ఉంది. దాన్ని పట్టుకోవాలని భుజాల మీంచి వెనక్కి చేతులు తిప్పుతోంది, అందడం లేదు. ఆకుపచ్చ రంగు దాని ఒంటికి బాగా నప్పింది. నాఫ్తలీను ఉండల డబ్బా మూత తీసి ఉన్నట్టుంది, గదంతా అదే వాసన.

"యూనీకే," అంది లోయిస్ మెల్లగా. "ఇటు తిరుగు, నేను పెడతాను."

యూనీకే ఉలిక్కిపడి తిరిగింది. ఒక చేత్తో వీపు దగ్గర గౌనుని గుప్పిట పట్టుకుంది.

"అక్కర్లేదు. అమ్మ పెడతాది."

"అమ్మ టీ పెడతంది. నన్నెల్లమంది."

"చెప్పాను కదా, వద్దని," అంది యూనీకే. కోపంగా కూడా అనలేదు. ఇంటికొచ్చిన చుట్టానికి ఇంటి పద్ధతి చెప్పినట్టు అంది. "కిస్మిస్ దాకా, ఒంటి మీద ఉండగా బయటోళ్లు చూడకూడదు."

రెండో చేత్తో తలుపు మూసేసింది.